లా ఫర్మ్‌లో ఆరు వారాల సమ్మర్ ఇంటర్న్‌షిప్: ఒకే ఆఫీసు, రెండు రేటింగులు

రేటింగ్ ముందే చెప్పేస్తాను. కోర్టు కేసులు చూసే లిటిగేషన్ టీమ్‌కి 5కి 5, కంపెనీల డీల్స్ చూసే కార్పొరేట్ టీమ్‌కి 5కి 2. ఒకే ఫర్మ్, ఒకే అంతస్తు, మధ్యలో ఒక గాజు తలుపు. తలుపుకి ఇటు మూడు వారాలు, అటు మూడు వారాలు పని చేశాను. ఇటువైపు నేర్చుకున్నంత కాలేజీలో రెండు సెమిస్టర్లు కూర్చున్నా నేర్చుకోలేదు, అటువైపు ఏం నేర్చుకున్నావంటే మాత్రం కాసేపు ఆలోచించుకోవాలి. పనిలో తేడా లేదు, రెండు చోట్లా మంచి పనే ఇచ్చారు. మనం చేసిన పనిని ఎవరైనా కూర్చుని చదివారా లేదా, తేడా అంతా అక్కడే ఉంది.

ఫర్మ్ పేరు రాయను. చేరిన రోజు పొద్దున్నే కాన్ఫిడెన్షియాలిటీ అగ్రిమెంట్ మీద సంతకం పెట్టించుకున్నారు, క్లయింట్ల పేర్లు గానీ ఫైళ్ల వివరాలు గానీ బయట చెప్పకూడదు, ఇంట్లో కూడా చెప్పకూడదు, లిఫ్ట్‌లో కూడా మాట్లాడుకోకూడదు. అందుకని కింద చెప్పే ఫైళ్ల వివరాలన్నీ మార్చేశాను. నేను వెళ్లేనాటికి కాంట్రాక్ట్స్, టార్ట్స్ (ఒప్పందం లేకపోయినా ఇతరులకి చేసిన హానికి బాధ్యత) పేపర్లు అయిపోయాయి, ప్రొసీజర్ (కోర్టులో కేసు నడిపే పద్ధతి) ఇంకా మొదలుపెట్టలేదు, ఇది కూడా తెలిస్తే నా అభిప్రాయాన్ని ఎంతవరకు తీసుకోవాలో మీకు అర్థమవుతుంది.

మొదటి వారంలో నాలుగు రోజులు వృథా అయ్యాయి. లాగిన్ రాలేదు. సిస్టమ్ ముందు కూర్చోబెట్టారు, సిస్టమ్ తెరుచుకోదు, ఐటీ వాళ్లని అడిగితే హెచ్‌ఆర్ నుంచి మెయిల్ రావాలంటారు, హెచ్‌ఆర్‌ని అడిగితే ఎప్పుడో పంపామంటారు. మనం వస్తున్న సంగతి రెండు నెలల ముందే వాళ్లకి తెలుసు కదా, ఆరు వారాల ఇంటర్న్‌షిప్‌లో నాలుగు రోజులు పోతే ఎంత పోయినట్టో వాళ్లు ఆలోచించాలి. ఆ నాలుగు రోజుల్లో నాకు ఉపయోగపడింది ఒక్కటే, కాన్‌ఫ్లిక్ట్ చెక్ అంటే ఏమిటో కళ్లారా చూడటం. కొత్త క్లయింట్ వస్తే ఫైల్ తెరవకముందే అవతలి పక్షం పేరు, వాళ్ల అనుబంధ కంపెనీల పేర్లు అన్నీ సిస్టమ్‌లో వెతుకుతారు, వాళ్లలో ఎవరైనా ఇప్పటికే మన క్లయింట్ అయితే చాలాసార్లు ఆ కేసు వదులుకోవాల్సి వస్తుంది. ఇంటర్న్‌లని కూడా వదల్లేదు. ఇంతకుముందు ఎక్కడ చేశావు, ఎలాంటి ఫైళ్లు చూశావు, ఇంట్లో వాళ్లు ఎక్కడ పని చేస్తారు, అన్నీ రాయించుకున్నారు. మొదట కొంచెం ఇబ్బందిగా అనిపించింది గానీ, ఒక ఇంటర్న్ పాత చోట చూసిన కాగితం వల్ల మొత్తం టీమ్ కేసునుంచి తప్పుకోవాల్సి రావచ్చని చెప్పాక, అడగడం న్యాయమే అనిపించింది.

ఐదో రోజు లిటిగేషన్ టీమ్‌లో ఒక సీనియర్ అసోసియేట్ మేడం పిలిచి మెమో, అంటే ఒక లీగల్ ప్రశ్నకి రీసెర్చ్ చేసి రాసే నోట్, రాయమని ఇచ్చారు. విషయం ఇది. క్లయింట్ ఒక యంత్రం ఆర్డర్ పెట్టాడు, సరఫరాదారు ఆలస్యంగా ఇచ్చాడు, ఈలోగా క్లయింట్ చేతికి రావాల్సిన పెద్ద ఆర్డర్ ఒకటి పోయింది. ఆ పోయిన లాభాన్ని సరఫరాదారు నుంచి రాబట్టగలమా? కాంట్రాక్ట్స్ చదివిన ఎవరికైనా వెంటనే గుర్తొచ్చేది 1854 నాటి ఇంగ్లండ్ కేసు హాడ్లీ వర్సెస్ బాక్సెండేల్. గ్లాస్టర్‌లో ఒక పిండిమర, దాని స్టీమ్ ఇంజన్ క్రాంక్ షాఫ్ట్ విరిగింది, కొత్తది చేయడానికి నమూనాగా ఆ విరిగిన షాఫ్ట్‌ని గ్రీనిచ్‌లో ఉన్న ఇంజనీర్లకి పంపాలి, రవాణా వాళ్లు ఆలస్యం చేశారు, మర అన్ని రోజులూ ఆగిపోయింది. ఆగిన రోజుల లాభం ఇప్పించమంటే కోర్టు కుదరదంది. నష్టం ఇప్పించాలంటే అది ఒప్పందం తప్పడం వల్ల మామూలుగా కలిగే నష్టం అయి ఉండాలి, లేదంటే ఒప్పందం కుదిరినప్పుడే ఇద్దరి మనసులోనూ ఉన్న నష్టం అయి ఉండాలి. ఈ రెండు మాటలూ పరీక్షలో ఎన్నిసార్లు రాశానో లెక్కలేదు, కాబట్టి రెండు రోజుల్లో పదకొండు పేజీల మెమో రాసి, మేడం టేబుల్ మీద పెట్టి, బాగానే వచ్చిందనుకున్నాను.

మర్నాడు సాయంత్రం పిలిచారు. నా మెమో ప్రింట్ తీసి, ఎర్ర పెన్నుతో ప్రతి పేజీ మీదా ఏదో ఒకటి రాసి ఉంది. మూడో పేజీ తిప్పి ఒక వాక్యం మీద పెన్ను పెట్టారు. మర ఆగిపోయిందనీ షాఫ్ట్ వెంటనే చేరాలనీ రవాణా కంపెనీ గుమాస్తాకి ముందే చెప్పారని నేను రాశాను.

"ఇది ఎక్కడ చదివావు?"

"హెడ్‌నోట్‌లో ఉంది మేడం," అన్నాను, అంటే రిపోర్టులో తీర్పు పైన వేసే సారాంశంలో.

"హెడ్‌నోట్ రాసింది జడ్జి కాదు కదా. తీర్పు తెరిచి, ఈ మాట ఎక్కడుందో నాకు చూపించు."

తెరిచాను. లేదు. బేరన్ ఆల్డర్సన్ తీర్పులో దానికి ఉల్టా ఉంది, ఇది ఒక మరకి చెందిన విరిగిన షాఫ్ట్, దాన్ని పంపుతున్నవాళ్లు ఆ మర నడిపేవాళ్లు, ఒప్పందం సమయంలో రవాణా వాళ్లకి తెలిపింది ఈ రెండు సంగతులేనని స్పష్టంగా ఉంది. చేతులు చల్లబడ్డాయి. మేడం కోప్పడలేదు, 1949 నాటి విక్టోరియా లాండ్రీ కేసు తీసి ఒక పేజీ చూపించారు, అందులో లార్డ్ జస్టిస్ అస్క్విత్ ఈ హెడ్‌నోట్ గురించే రాశారు, అది తప్పుదారి పట్టిస్తుందనీ, గుమాస్తాకి నిజంగానే చెప్పారని కోర్టు నమ్మి ఉంటే తీర్పు అటుదిటు అయి ఉండేదనీ. అంటే నేను చేసిన తప్పు ఎన్నో ఏళ్లుగా ఎంతోమంది చేస్తూ వచ్చినదే. నేను మూడేళ్లు కాలేజీలో హాడ్లీ చదివాను, ఒక్కసారి కూడా తీర్పు మొత్తం తెరిచి చూడలేదు. చాలామందిమి ఇంతే, గైడ్‌లో సగం పేజీ సారాంశం, అది పరీక్షకి సరిపోతుంది.

ఇక్కడితో ఆగి ఉంటే అది ఒక చిన్న పాఠం మాత్రమే అయ్యేది. మేడం తర్వాత అడిగిన ప్రశ్న అసలుది. "సరే, ఆ గుమాస్తాకి తెలుసా లేదా అన్నది మన ఫైల్‌కి ఎందుకు ముఖ్యం?" నేను తడబడ్డాను. ఆవిడ మన ఫైల్‌లోంచి ఒక మెయిల్ తీశారు. పెద్ద ఆర్డర్ ఉంది, యంత్రం సమయానికి కావాలి అని క్లయింట్ సరఫరాదారుకి రాసిన మెయిల్ అది, నా మెమో మొత్తం దాని మీదే నిలబడింది, వాళ్లకి ముందే తెలుసు కాబట్టి లాభం రాబట్టవచ్చని రాశాను. మెయిల్ మీద తేదీ చూడమన్నారు. కాంట్రాక్టు మీద సంతకాలు అయిన పద్దెనిమిది రోజుల తర్వాతది. తెలియాల్సింది ఒప్పందం కుదిరిన సమయానికి, తర్వాత చెబితే అది లెక్కలోకి రాదు. పదకొండు పేజీలు రాసిన నేను రెండు తేదీలు పక్కపక్కన పెట్టి చూసుకోలేదు. అదే మెమో క్లయింట్‌కి వెళ్లి, క్లయింట్ దాన్ని నమ్మి సెటిల్‌మెంట్ వద్దనుకుని కోర్టుకి వెళ్లి ఉంటే? ఆ రాత్రి ఆ ఆలోచనే తిరుగుతూ ఉంది.

మూడుసార్లు తిరగరాయించారు. రెండోసారి ఏడు పేజీలు, మూడోసారి నాలుగు. జవాబు మొదటి పేరాలోనే ఉండాలి, చదివేవాళ్లకి టైమ్ లేదు, వాళ్లు ముందు తెలుసుకోవాలనుకునేది 'అవునా, కాదా, ఎంత రిస్కు' అంతే. మనకి వ్యతిరేకంగా ఉన్న కేసు దాచకూడదు, ముందు దాన్నే చెప్పాలి, ఎందుకంటే అవతలి లాయర్‌కి అది దొరకక మానదు. రేషియో (తీర్పుకి ఆధారమైన కారణం) ఏదో, ఆబిటర్ (జడ్జి పక్కమాటగా అన్నది) ఏదో కలిపేయకూడదు. మామూలు వ్యాపార లాభం వేరు, ప్రత్యేక ఆర్డర్ వల్ల వచ్చే లాభం వేరని విక్టోరియా లాండ్రీ చెబుతుంది కాబట్టి, పెద్ద ఆర్డర్ పోయినా మామూలు ఉత్పత్తి ఆగిన నష్టం అడగవచ్చు కదా అని మూడో డ్రాఫ్ట్‌లో నాకై నేను రాశాను, మేడం ఆ పేరా పక్కన చిన్న టిక్ పెట్టి 'దీన్ని పైకి తెచ్చి పెట్టు' అని రాశారు. ఆ టిక్ ఇచ్చిన సంతోషం నాకు ఇంతవరకు ఏ మార్కుల షీటూ ఇవ్వలేదు.

చాలామంది అడుగుతున్నారు కాబట్టి ఏఐ సంగతి. ఈ ఫర్మ్‌లో రూల్ గట్టిగా ఉంది, క్లయింట్ కాగితంలో ఒక్క లైన్ కూడా బయటి టూల్‌లో పేస్ట్ చేయకూడదు, ఫర్మ్ లోపల ఉన్న టూల్ వాడినా ప్రతి సైటేషన్ (మెమోలో ఉదహరించిన కేసు) డేటాబేస్‌లో తెరిచి చూసినట్టు మెమో చివర మనమే రాసి సంతకం పెట్టాలి. మాకు ఓరియంటేషన్‌లో 2023 నాటి న్యూయార్క్ ఫెడరల్ కోర్టు కేసు చూపించారు, మాటా వర్సెస్ అవియాంకా. చాట్‌జీపీటీ ఇచ్చిన కేసులు పెట్టి లాయర్లు ఫైల్ చేస్తే, అందులో ఆరు కేసులు అసలు లేనే లేవు, కోర్టు 5,000 డాలర్ల జరిమానా వేసింది. ఆ లాయర్ ఈ కేసు నిజమేనా అని మళ్లీ చాట్‌జీపీటీనే అడిగాడట, అది నిజమేనంది. నన్ను ఆ విషయం బాగా కదిలించింది, ఎందుకంటే హెడ్‌నోట్ దగ్గర నేను చేసింది కూడా అదే, ఎవరో చెప్పింది నమ్మి మూలం తెరవలేదు. మూలం తెరవడం అలవాటు లేనివాళ్లకి టూల్ ఏదైనా ప్రమాదమే.

కోర్టుకి తీసుకెళ్తామని ఆఫర్ లెటర్‌లో ఉంది, మూడు వారాల్లో రెండుసార్లే వెళ్లాను, ఒకసారి వాయిదా పడింది. రెండోసారి వాదన విన్నాను. మన సీనియర్ ఇరవై నిమిషాలకి ప్రిపేర్ అయి వెళ్లారు, జడ్జి మూడో నిమిషంలోనే ఒక ప్రశ్న అడిగి మొత్తం దారి మార్చేశారు, సీనియర్ నోట్స్ పక్కన పెట్టి పేపర్ బుక్‌లో (కేసు కాగితాలన్నీ కలిపి కుట్టిన సెట్‌లో) సరిగ్గా కావాల్సిన పేజీ నంబర్ చెప్పారు. ముందు రోజు రాత్రి ఆ పేపర్ బుక్‌కి పేజీ నంబర్లు వేసి, ఇండెక్స్‌తో సరిచూసింది నేనూ ఇంకో ఇంటర్నూ, అప్పుడు అది గుమాస్తా పనిలా అనిపించి విసుక్కున్నాం. నంబర్ ఒక్కటి తప్పి ఉంటే ఆ క్షణంలో ఏమయ్యేదో చూశాక ఆ విసుగు పోయింది.

ఇక గాజు తలుపుకి అటువైపు.

కార్పొరేట్ టీమ్‌లో మొదటి రోజే డ్యూ డిలిజెన్స్, అంటే డీల్‌కి ముందు కంపెనీ కాగితాలు తనిఖీ చేసే పని, ఇచ్చారు. ఒక కంపెనీని ఇంకో కంపెనీ కొంటోంది, కొనేవాళ్ల తరఫున మనం, అమ్మే కంపెనీ కాగితాలన్నీ ఆన్‌లైన్ డేటా రూమ్‌లో ఉంటాయి, వాటిని చదివి టేబుల్‌లో ఎక్కించాలి. యాజమాన్యం చేతులు మారితే అవతలి పార్టీ కాంట్రాక్టు రద్దు చేసుకోవచ్చా, ముందస్తు అనుమతి కావాలా, గడువు ఎప్పుడు, నోటీసు ఎన్ని రోజులు. ఇలాంటివి రెండు వారాల్లో నూట నలభై కాంట్రాక్టులు చదివాను. ఇది బోరు పని అని చాలామంది రాస్తారు, నేను ఒప్పుకోను, నిజమైన కాంట్రాక్టులు ఎలా ఉంటాయో చూడటానికి ఇంతకంటే మంచి దారి లేదు. క్లాజ్ 14 చూడమని రాసి ఉంటుంది, అగ్రిమెంట్ 12తోనే అయిపోతుంది. క్యాపిటల్ లెటర్‌తో ఒక మాట ఇరవైచోట్ల వాడతారు, డెఫినిషన్ ఎక్కడా ఉండదు. మూడో షెడ్యూల్ జతచేశామంటారు, జతచేయరు. పుస్తకంలో చదివిన కాంట్రాక్టుకీ మనుషులు అర్ధరాత్రి తొందరలో సంతకాలు పెట్టిన కాంట్రాక్టుకీ ఉన్న దూరం ఇక్కడే తెలుస్తుంది.

బాధ ఎక్కడంటే, రెండో వారంలో నాకు ఒకటి దొరికింది. ఒక పెద్ద సరఫరా కాంట్రాక్టు, అందులో యాజమాన్యం మారినా ఫర్వాలేదని ఉంది, టేబుల్‌లో 'ఇబ్బంది లేదు' అని రాసేసేదాన్నే, కానీ హాడ్లీ దెబ్బ గుర్తొచ్చి ఫోల్డర్‌లో చివరి దాకా వెళ్లాను. అక్కడ స్కాన్ కూడా సరిగా లేని ఒకటిన్నర పేజీ సవరణ లెటర్ ఉంది, ఫైల్ పేరు ఏదో నంబర్లు, దాంట్లో ఆ క్లాజ్ మార్చేసి, రాతపూర్వక అనుమతి తప్పనిసరి అని పెట్టారు. మూడుసార్లు చదివి, తేదీలు సరిచూసుకుని, టేబుల్‌లో ఎర్ర రంగులో పెట్టి, అసోసియేట్‌కి విడిగా మెయిల్ రాశాను. జవాబు రాలేదు. రెండు రోజుల తర్వాత మళ్లీ రాస్తే 'నోటెడ్' అని ఒక్క మాట వచ్చింది. అది నిజంగా ముఖ్యమైన సంగతా, వాళ్లకి ముందే తెలుసా, నేను తప్పుగా చదివానా, రిపోర్ట్‌లో పెట్టారా, ఇంతవరకు నాకు తెలియదు. ఫైనల్ రిపోర్ట్ చూపించమని అడిగితే ఇంటర్న్‌లకి యాక్సెస్ లేదన్నారు. కనీసం నేను చేసిన భాగమైనా చూస్తానంటే, డీల్ నడుస్తోంది, తర్వాత చూద్దామన్నారు. ఆ తర్వాత రాలేదు.

వాళ్లకి టైమ్ లేదని నాకు తెలుసు. రాత్రి పదకొండింటికి కూడా ఆ టీమ్ లైట్లు వెలుగుతూనే ఉండేవి. లాయర్లు టైమ్‌షీట్‌లో ప్రతి ఆరు నిమిషాలకీ లెక్క రాస్తారు, గంటలో పదో వంతు ఒక యూనిట్, ఇంటర్న్‌కి అరగంట నేర్పిస్తే ఐదు యూనిట్లు ఏ క్లయింట్‌కీ బిల్లు చేయలేనివి. ఇది అర్థం చేసుకోగలను. కానీ లిటిగేషన్ మేడంకి కూడా అదే టైమ్‌షీట్, అదే టార్గెట్. ఆవిడ నా మెమో మీద ఎర్ర పెన్ను పట్టిన గంటన్నర ఎక్కడినుంచి తెచ్చారో నాకు తెలుసు, తన సాయంత్రంలోంచి తెచ్చారు. కాబట్టి టైమ్ లేదన్న మాట పూర్తిగా ఒప్పుకోలేను, ఇంటర్న్‌కి చెప్పడం కూడా పనిలో భాగమని ఆ ఫర్మ్ రాసి పెట్టలేదు, ఒక్కో మనిషి మంచితనానికి వదిలేసింది, నా ఫిర్యాదు అదే.

స్టైపెండ్ ఇచ్చారు, చెప్పిన టైమ్‌కే ఇచ్చారు, దీనికి నిజంగా మెచ్చుకోవాలి, ఎందుకంటే ఏమీ ఇవ్వకుండా ఆరు వారాలు పని చేయించుకునే చోట్లు చాలా ఉన్నాయి, అలాంటివి ఇంట్లో డబ్బున్నవాళ్లే చేయగలరు. పని గంటలు మామూలుగా తొమ్మిదిన్నర నుంచి ఏడు, కార్పొరేట్‌లో చివరి వారం మూడు రోజులు రాత్రి పదిన్నర దాటింది, శుక్రవారం సాయంత్రం ఆరింటికి పని ఇచ్చి సోమవారం పొద్దున్నే కావాలనడం రెండుసార్లు జరిగింది. పని పంచడం కూడా సరిగా లేదు, మొత్తం ఆరుగురం ఇంటర్న్‌లం, మాలో ఒక అమ్మాయికి మొహమాటం ఎక్కువ, తనకి రెండు వారాలు ప్రూఫ్‌రీడింగ్ తప్ప ఏమీ ఇవ్వలేదు, చొరవగా క్యాబిన్ తలుపు తట్టినవాళ్లకే మెమోలు. తను మా అందరికంటే బాగా రాస్తుంది. పని పంచడానికి ఒక మనిషిని పెట్టి ఉంటే ఈ అన్యాయం జరిగేది కాదు.

చివరి రోజు సర్టిఫికెట్ ఇచ్చారు, ఆరుగురికీ ఒకే పేరా, పేర్లు మాత్రమే వేరు. ఫీడ్‌బ్యాక్ ఫారం మేం నింపి ఇచ్చాం, మాకు మాత్రం ఎవరూ నింపి ఇవ్వలేదు. లిటిగేషన్ మేడం మాత్రం పిలిచి పావుగంట కూర్చోబెట్టి, రీసెర్చ్ ఓపిగ్గా చేస్తున్నావు, వాక్యాలు ఇంకా పొడుగ్గా రాస్తున్నావు, ఫ్యాక్ట్స్ చదివేముందే లాలోకి దూకుతున్నావు, ముందు తేదీల పట్టీ వేసుకో అని చెప్పారు. ఆ మూడూ రాసుకున్నాను.

వచ్చే ఏడాది అప్లై చేసేవాళ్లకి, ఇంటర్వ్యూ చివర 'మీరేమైనా అడగాలా' అన్నప్పుడు ఊరుకోకండి. నేను రాసింది ఎవరు చదువుతారు, దిద్దిన కాపీ నాకు తిరిగి వస్తుందా అని అడగండి. దీనికి ఒక మనిషి పేరు చెప్పగలిగితే మంచి చోటు, టీమ్ అంతా చూస్తారు అంటే ఎవరూ చూడరని నా అనుభవం. పని ఎవరు పంచుతారో కూడా అడగండి. లాగిన్ చేరిన రోజుకే సిద్ధంగా ఉంటుందా అని వారం ముందు ఒక మెయిల్ పెట్టండి, తప్పేం లేదు. ఇదే ఫర్మ్ అయితే లిటిగేషన్‌లో ఆరు వారాలూ ఇమ్మని రాతపూర్వకంగా అడగండి, రొటేషన్ తప్పదంటే లిటిగేషన్ ముందు తీసుకోండి, ఆ తర్వాత అవతలి టీమ్‌లో ఎవరూ చెప్పకపోయినా మీ పని మీరే దిద్దుకోవడం కొంచెమైనా వచ్చి ఉంటుంది. నేను వచ్చే వేసవికి మళ్లీ అప్లై చేశాను, లిటిగేషన్‌కి మాత్రమే.